తేమను గెలిచిన లోగిలి

వరికోతల రోజుల్లో గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్ళే బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చోండి. రోడ్డు అంచున పొడుగునా ధాన్యం ఆరబోసి కనిపిస్తుంది. ఎవరో ఒకరు కాళ్ళతో దాన్ని తిరగదోస్తూ ఉంటారు. మబ్బు పట్టిందంటే చాలు, పట్టాలు కప్పడానికి ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొస్తారు.

రోడ్డు వేసింది బండ్లు నడవడానికి కదా! అక్కడ ధాన్యం ఎందుకుంది? ఒకప్పుడు కూడా ఈ ఊళ్ళలో వరే పండేది. అప్పుడు ఆ ధాన్యం ఎక్కడ ఆరేది?

దీనికి జవాబు పాత రైతు లోగిలిలో దొరుకుతుంది. లోగిలి అనగానే పెద్ద ఇల్లు మనకు గుర్తుకొస్తుంది. నిజానికి అది పంటను, పశువును, మనిషిని కాపాడటానికి కట్టుకున్న ఒక పెద్ద పరికరం. దానికి శత్రువులు చాలామందే ఉన్నారు: ఎండ, గాలి, ఎలుక, పురుగు, నిప్పు. వీటన్నింటి వెనకా చాలాసార్లు ఒకే శత్రువు దాక్కుని ఉంటుంది. అదే తేమ. మన పెద్దలు ఆ తేమతో ఎలా పోరాడారో ఒక్కొక్కటే చూద్దాం.

లోగిలిలో ఏమేమి ఉండేవి?

వీధి వైపు ఎత్తయిన అరుగులు. వాటిని దాటితే వసారా. కలిగిన రైతుల ఇళ్ళలో నడుమ మండువా, దాని చుట్టూ గదులు. గదుల పైన అటక. ఇంటి పక్కనో వెనకో గొడ్ల చావడి. దొడ్లో బావి, గడ్డివాము, పెంటపోగు. ధాన్యం పోసుకోవడానికి గాదె. చేను దగ్గరో ఊరి బయటో కళ్ళం.

చిన్న రైతుకు ఇవన్నీ ఉండేవి కావు. ఒక పూరిల్లు, దానికి ఆనించి ఒక కొట్టం, దొడ్లో చిన్న వాము, అంతే. అయినా పెద్ద లోగిలికీ, పూరింటికీ వెనకనున్న విజ్ఞాన సూత్రాలు మాత్రం ఒకటే.

కదిలే నేల మీద కదలని ఇల్లు

మొదట నేల సంగతి చూద్దాం. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో పత్తి, మిరప పండేది నల్లరేగడిలో. పొన్నూరు వైపు కృష్ణా కాలువల కింది నేలల్లోనూ బంకమన్నే ఎక్కువ. ఎండాకాలంలో ఈ నేల నెర్రెలు విచ్చుతుంది. చెయ్యి దూరేటంత నెర్రెలు మీరు చూసే ఉంటారు. వాన పడగానే అవే నెర్రెలు మూసుకుపోతాయి.

ఎందుకిలా? నల్లరేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం ఉంటుంది. దాని కణాలు పలచని రేకుల దొంతరల్లా ఉంటాయి. తడిసినప్పుడు రేకుల మధ్యకు నీరు చొరబడి వాటిని ఎడం చేస్తుంది. నేల ఉబ్బుతుంది. ఎండినప్పుడు నీరు పోయి రేకులు మళ్ళీ దగ్గరవుతాయి. నేల కుంచించుకుపోతుంది. అంటే ఇక్కడి నేల ఏడాదికొకసారి ఊపిరి పీల్చి వదులుతుందన్నమాట! అలాంటి నేల మీద కట్టిన గోడ పగలకుండా ఎలా ఉంటుంది?

పాత మేస్త్రులు దీనికి రెండు ఉపాయాలు చేశారు. పునాది గోతిలో ఇసుక నింపారు. ఇసుక తడిసినా ఉబ్బదు, ఎండినా ముడుచుకోదు. రెండోది, ఇంటి చుట్టూ ఎత్తయిన అరుగు కట్టారు. అరుగు కూర్చోవడానికి మాత్రమే అనుకోకండి. గోడ మొదట్లో వాన నీరు నిలవకుండా అది కాస్తుంది. పునాది కింది మన్ను తడవకపోతే ఉబ్బదు కదా! ఈ సమస్య ఈనాటి ఇంజనీర్లనూ వదల్లేదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ నల్లరేగడి కోసమే ప్రత్యేకమైన పునాదిని రూపొందించింది. నేలలోకి లోతుగా స్తంభాలు దింపి, వాటి అడుగుభాగాన్ని ఉల్లిపాయలా ఉబ్బెత్తుగా పోస్తారు. పై నేల ఎంత కదిలినా, లోతున తేమ మారని చోట ఆ ఉబ్బు భాగం ఇంటిని పట్టి ఉంచుతుంది.

మట్టిగోడకు టోపీ, బూట్లు

పాత ఇళ్ళ గోడలు చాలావరకు మట్టివే. మట్టిని తడిపి, గడ్డి కలిపి తొక్కి, మూరెడు ఎత్తు పెట్టి, అది ఆరాక పైన ఇంకో వరుస పెట్టేవారు. గోడ మందం అడుగున్నర నుంచి రెండడుగుల దాకా ఉండేది.

ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో కూడా పాత రైతుల ఇళ్ళు ఇలాంటి మట్టిగోడలవే. మట్టిగోడకు మంచి టోపీ, మంచి బూట్లు ఉంటే చాలునని అక్కడొక సామెత. టోపీ అంటే కప్పు, బూట్లు అంటే రాతి పునాది. మన ఇంటి టోపీ గోడను దాటి బాగా కిందికి దిగిన చూరు. బూట్లు అరుగు. ఈ రెండూ ఉన్నంతకాలం మట్టిగోడ తరతరాలు నిలుస్తుంది. చూరు చిరిగి ఒక్క వానాకాలం నీరు కారితే గోడ కరిగిపోతుంది.

మందపాటి మట్టిగోడ వల్ల ఇంకో లాభం ఉంది. పగటి వేడి గోడలో ప్రయాణించి లోపలికి చేరడానికి దాదాపు సగం రోజు పడుతుంది. అది లోపలికి వచ్చేసరికి బయట రాత్రి అవుతుంది. 1964లో ఈజిప్టు రాజధాని కైరోలో దీన్ని కొలిచి చూశారు. ఒకటి మట్టి ఇటుకలతో, ఇంకొకటి కాంక్రీటు పలకలతో రెండు నమూనా గదులు కట్టారు. మట్టి గదిలో ఇరవైనాలుగు గంటల్లో ఉష్ణోగ్రత 21 నుంచి 23 డిగ్రీల మధ్యే ఉంది. కాంక్రీటు గదిలో 36 డిగ్రీలకు ఎక్కింది! హసన్ ఫతీ అనే వాస్తుశిల్పి ఈ ఫలితాలను తన పుస్తకంలో వివరించాడు.

కైరో గాలి పొడిగాలి. పొన్నూరుకు సముద్రం దగ్గర, గాలిలో తేమ ఎక్కువ. ఇక్కడ చెమట ఆరాలంటే గోడ ఒక్కటే చాలదు, గాలి ఆడాలి. మండువా చేసే పని అదే. వేడెక్కిన గాలి తేలికై మండువా మీదుగా పైకి పోతుంది. దాని స్థానంలోకి వసారా వైపు నుంచి కొత్త గాలి వస్తుంది. సాయంత్రం పైరగాలి మొదలైతే ఇల్లంతా చల్లబడుతుంది. మండువాలో పడిన వాన నీరు తూము గుండా బయటికి పోతుంది.

ఇక కప్పు. పూరిల్లయితే తాటాకు లేక గడ్డి. గడ్డిపోచల నడుమ చిక్కుకున్న గాలి వేడిని తేలిగ్గా పోనివ్వదు. కప్పు ఏటవాలుగా ఉంటేనే వాన నీరు ఇంకేలోపు జారిపోతుంది. పెంకుటిల్లయితే నాటు పెంకులు లేక 'బెంగుళూరు పెంకులు'. బెంగుళూరు అన్న పేరే గాని, ఈ రకం పెంకు పుట్టింది మంగుళూరులో. 1865లో బాసెల్ మిషన్ వారు అక్కడ మొదటి కర్మాగారం పెట్టారు. పెంకు అంచులు ఒకదానిలో ఒకటి ఇమిడిపోవడం వల్ల తక్కువ బరువుతోనే వాన ఆగుతుంది. పెంకుల సందుల్లోంచి వేడిగాలి కూడా బయటికి పోతుంది.

అయితే ఈ ఇళ్ళకూ ఒక హద్దు ఉంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచేసి వేలమందిని పొట్టన పెట్టుకుంది. పెనుగాలి కప్పు మీదుగా వేగంగా పోయేటప్పుడు పైన పీడనం తగ్గి కప్పు లేచిపోతుంది. మట్టిగోడ చుట్టూ నీరు నిలిస్తే అది కూలిపోతుంది. తీరంలో తుఫాను రక్షణ భవనాలను కాంక్రీటుతో, ఎత్తయిన స్తంభాల మీద కట్టడానికి కారణం ఇదే. పాతదంతా మంచిదనీ, కొత్తదంతా చెడ్డదనీ అనుకోవడం విజ్ఞానం కాదు. ఏది దేనికి పనికొస్తుందో తెలుసుకోవడమే విజ్ఞానం.

ఆకాశమే కప్పుగా ఉన్న కొట్టు

ఇప్పుడు పంట దగ్గరికి వద్దాం. ముందు చిన్న లెక్క చేయండి. నూరు బస్తాల ధాన్యం ఉంది. బస్తా 75 కిలోలు. మొత్తం 7,500 కిలోలు. కోసినప్పుడు అందులో తేమ 20 శాతం. నిలవ ఉంచడానికి అది 14 శాతానికి దిగాలి. ఎంత నీరు పోవాలి?

తేమ 20 శాతం అంటే పొడి పదార్థం 80 శాతం, అంటే 6,000 కిలోలు. ఆరిన తర్వాత ఈ 6,000 కిలోలే మొత్తంలో 86 శాతం కావాలి. అప్పుడు మొత్తం బరువు సుమారు 6,977 కిలోలు. పోవలసిన నీరు 523 కిలోలు. అర టన్నుకు పైగా నీటిని గింజల్లోంచి గాలిలోకి పంపాలన్నమాట!

ఈ పని పాత రోజుల్లో రెండు అంచెలుగా జరిగేది. డెల్టాలో వరి కోతకొచ్చేది కార్తీక మార్గశిరాల్లో. అవి తుఫాన్ల రోజులు. అందుకని కోసిన పనలు ఆరగానే కట్టలు కట్టి కుప్ప వేసేవారు. కుప్పలో వెన్నులు లోపలికి, మొదళ్ళు బయటికి ఉండేవి. పైన ఇంటి కప్పులా వాలు. వాన పడితే గడ్డి తడిసేది గాని గింజ తడిసేది కాదు. కుప్పలో ధాన్యం మెల్లమెల్లగా ఆరేది.

సంక్రాంతి అటూ ఇటుగా కుప్ప నూర్పిళ్ళు. నేలను తడిపి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలికి కళ్ళం చేసేవారు. పేడలోని పీచు మట్టిని పట్టి ఉంచి నెర్రెలు రానివ్వదు. అలా అలికిన నేల మీద గింజకు మట్టి అంటదు. పశువులతో తొక్కించి, గాలి వచ్చే వేళ చూసి తూర్పార పట్టేవారు. చేటలోంచి పడేటప్పుడు బరువైన గింజ దాదాపు నిటారుగా కిందికి దిగుతుంది. తేలికైన పొల్లు గాలికి కొట్టుకుపోయి దూరంగా పడుతుంది. గాలి బలాన్నీ, గింజ బరువునూ పోటీకి పెట్టి గెలిచినదాన్ని ఏరుకోవడమే తూర్పార!

ఇక్కడ ఇంగ్లండు రైతు ఏం చేశాడో చూస్తే తమాషాగా ఉంటుంది. అక్కడి పాత రైతుల ఇళ్ళ పక్కన బ్రహ్మాండమైన కొట్లు ఉంటాయి. ఆక్స్‌ఫర్డ్ జిల్లాలోని గ్రేట్ కాక్స్‌వెల్ అనే ఊళ్ళో 1292 ప్రాంతంలో క్రైస్తవ సన్యాసులు కట్టించిన కొట్టు ఇంకా నిలిచి ఉంది. పొడుగు 152 అడుగులు, వెడల్పు 44, ఎత్తు 48 అడుగులు. రాతి గోడలు, లోపల ఓకు కలప స్తంభాలు. దూరం నుంచి చూస్తే చర్చి అనుకుంటారు. ఇలాంటి కొట్లలో ఎదురెదురుగా పెద్ద తలుపులు పెట్టేవారు. ఆ రెండు తలుపుల మధ్య నేలే వారి కళ్ళం. రెండు తలుపులూ తీస్తే గాలి ఇటునుంచి అటు వీస్తుంది. పంటను లోపలే కర్రలతో కొట్టి, ఆ గాలిలోనే తూర్పార పట్టేవారు.

మన రైతు ఎందుకు అంత కొట్టు కట్టలేదు? ఇంగ్లండులో వాన ఎక్కువనుకుంటున్నారా? కాదు. ఆక్స్‌ఫర్డ్ ప్రాంతంలో ఏడాదికి పడేది సుమారు 650 మిల్లీమీటర్లు. గుంటూరు జిల్లా సగటు దాదాపు 850 మిల్లీమీటర్లు! తేడా అంతా వాన ఎప్పుడు పడుతుందన్న దాంట్లోనే ఉంది. అక్కడ ప్రతి నెలా కొంచెం కొంచెం పడుతూనే ఉంటుంది. ఇక్కడ సంక్రాంతి దాటితే చాలావరకు ఆకాశం నిర్మలం. అందుకే అక్కడి రైతు కళ్ళానికి కప్పు వేశాడు. మన రైతు కుప్ప వేసి, ఆకాశమే కప్పు అయ్యే రోజు కోసం కాచుకున్నాడు.

గాదె, పురి, పాతర

ఆరిన ధాన్యాన్ని ఏడాది పొడుగునా కాపాడటం ఇంకో ఘట్టం. గింజలో తేమ 14 శాతం దాటితే బూజు పడుతుంది, ముక్కపురుగు పెరుగుతుంది. డెల్టాలో వెదురు అల్లి, లోపలా బయటా మట్టి, పేడ కలిపి మెత్తి గాదెలు చేసేవారు. గడ్డితో లావుపాటి తాళ్ళు పేని, చుట్టలు చుట్టలుగా పేర్చి, మధ్యలో ధాన్యం పోసేవారు. దాన్ని పురి అంటారు. గాదెను నేలకు ఆనించకుండా రాళ్ళ మీద నిలిపితే కింద గాలి ఆడుతుంది, నేల తేమ ఎక్కదు. ఇంగ్లండు రైతులు ఇదే పనికి పుట్టగొడుగు ఆకారపు రాళ్ళు వాడారు. ఎలుక రాతిని ఎక్కినా, గొడుగులాంటి తలను దాటలేక కింద పడుతుంది!

పడమటి మెరక పొలాల వైపు పద్ధతి వేరు. అక్కడ జొన్నలను నేలలో గొయ్యి తవ్వి, గడ్డి పరచి, నింపి, పైన మట్టితో మూసేవారు. అదే పాతర. పొన్నూరు వైపు పాతర పనికిరాదు. కాలువల కింద కొద్దిపాటి లోతులోనే నీరు తగులుతుంది కదా!

పాతరలో జరిగేది చాలా చిత్రమైన సంగతి. గింజకు ప్రాణం ఉంది. అది ఊపిరి పీలుస్తుంది. పురుగులూ పీలుస్తాయి. మూసిన పాతరలో కొద్దిరోజులకే ఆక్సిజన్ తగ్గి, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. ఊపిరాడక పురుగులు చస్తాయి. మిగిలిన గింజ నిద్రపోయినట్టు నిలవ ఉంటుంది. ఇంగ్లండులో డేన్‌బరీ అనే కొండ మీద రెండు వేల ఏళ్ళకు పూర్వపు ధాన్యపు పాతరలు వేలకొద్దీ బయటపడ్డాయి. అది కూడా నీరు నిలవని సుద్దరాతి నేల. 1970లలో పీటర్ రేనాల్డ్స్ అనే పరిశోధకుడు బట్సర్ ప్రాచీన వ్యవసాయ క్షేత్రంలో అలాంటి పాతరలు తవ్వి, ధాన్యం నింపి పరీక్షించాడు. అంచున ఉన్న గింజలు మొలకెత్తి ఆక్సిజన్‌ను వాడేస్తాయనీ, లోపలి ధాన్యం చెడదనీ రుజువైంది. మన ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధనా సంస్థ రూపొందించిన 'పూసా గాదె' సూత్రం కూడా గాలినీ తేమనూ లోపలికి రానివ్వకపోవడమే. రెండు ఇటుక గోడల మధ్య ప్లాస్టిక్ షీటు పెట్టి దాన్ని కడతారు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. పురుగును చంపిన గాలి మనిషినీ చంపుతుంది. పాతర తీయగానే దిగినవాడు కుప్పకూలితే, కాపాడబోయి దిగినవాడూ కూలుతాడు. అందుకే పెద్దలు ముందు దీపం దింపి చూసేవారు. ఆక్సిజన్ 16 శాతానికి తగ్గేసరికి దీపం ఆరిపోతుంది. అయితే దీపం వెలిగినంత మాత్రాన భయం లేదని కాదు. దీపం వెలుగుతున్నా బొగ్గుపులుసు వాయువు ప్రాణం తీసేటంత ఉండవచ్చు. పాత బావులూ ఇంతే. మీరెప్పుడూ అలాంటి వాటిలోకి దిగకండి. ఎవరైనా పడిపోతే వెనకాలే దూకకండి. కేకలు వేసి పెద్దలను పిలవండి, అగ్నిమాపక దళానికి కబురు చేయండి.

వాములో పుట్టే నిప్పు

గడ్డివాము దగ్గర ఎవరూ అగ్గిపుల్ల గీయకపోయినా ఒక్కొక్కసారి నిప్పు పుడుతుంది. దీనికీ తేమే కారణం. పచ్చి గడ్డిని వాము వేస్తే లోపల సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాటి శ్వాసక్రియ వల్ల వేడి పుడుతుంది. గడ్డి వేడిని బయటికి పోనివ్వదు కనుక వాము నడుమ ఉష్ణోగ్రత 70 డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడికి సూక్ష్మజీవులే చస్తాయి. కాని అప్పటికే గడ్డి ఆక్సిజన్‌తో నేరుగా చర్య జరపడం మొదలవుతుంది. వేడి ఇంకా ఇంకా పెరిగి చివరికి భగ్గుమంటుంది. వాములో ఇనుప చువ్వ గుచ్చి, కొంతసేపు ఉంచి తీసి, చేత్తో తాకి చూడటం రైతుల పాత పద్ధతి. చువ్వ చుర్రుమంటే ప్రమాదమన్నమాట. వామును ఇంటికీ గొడ్ల చావడికీ ఎడంగా వేయడంలోనూ, ఎత్తయిన దిమ్మ మీద వేయడంలోనూ అర్థం మీకు ఇప్పుడు తెలిసింది కదా!

రోడ్డు మీదికి వచ్చిన కళ్ళం

ఇక మన మొదటి ప్రశ్న. వరికోత యంత్రం వచ్చింది. వారాల పని గంటల్లో ముగుస్తోంది. ఇది మంచి మార్పే. నడుము వంచి కోసేవారి శ్రమ తగ్గింది. కాని యంత్రం కోత, నూర్పు ఒకేసారి చేస్తుంది. మధ్యలో కుప్ప లేదు. గింజ తన తేమతోనే సంచిలోకి వస్తోంది. కుప్ప చేసిన పనిని ఎవరు చేయాలి? కళ్ళాలు ఇళ్ళ స్థలాలయ్యాయి. గాదెలు పోయాయి. మిరపకాయలు గుంటూరు శీతల గిడ్డంగులకు చేరుతున్నాయి. ధాన్యానికి మాత్రం ఆరడానికి రోడ్డే మిగిలింది. ప్రభుత్వ కొనుగోళ్ళలో ధాన్యానికి తేమ హద్దు 17 శాతం. తేమ ఎక్కువుందని ధాన్యం తీసుకోలేదన్న మాట మీ ఇళ్ళలోనూ వినే ఉంటారు. ఆ ఒక్క అంకెలో రైతు ఏడాది కష్టం ఇమిడి ఉంది.

అంటే ఏమిటి? లోగిలిలోని ప్రతి భాగం ఒక పని చేసేది. ఆ భాగం పోయినా పని మాత్రం పోదు. దాన్ని ఇంకెవరో, ఇంకెక్కడో చేయవలసిందే. ఊరికొక ఆరబోత గచ్చు, ధాన్యం ఆరబెట్టే యంత్రం, గాలి ఆడే గిడ్డంగి ఇవే రేపటి కళ్ళాలు, రేపటి గాదెలు. ఇళ్ళ సంగతీ అంతే. 2015 మే నెల వడగాడ్పులకు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎండకు కాలే పలచని కప్పు కింద వేసవిని ఎలా గడపాలన్నది మనం ఇప్పుడు తేల్చుకోవలసిన ప్రశ్న.

మీరే చేసి చూడండి

1. ఒక పొడి గాజు సీసాలో కొంత ధాన్యం, బాగా ఎండిన ఉప్పు కొంచెం వేసి, మూత బిగించి కొన్ని నిమిషాలు కుదపండి. కాసేపు ఆగి చూడండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే ధాన్యంలో తేమ సుమారు 15 శాతానికి పైగా ఉన్నట్టు. అంటుకోకపోతే అంతకన్నా తక్కువ.

2. రెండు థర్మామీటర్లు సంపాదించి ఒకటి స్లాబు ఇంట్లో, ఒకటి పెంకుటింట్లో నీడ పట్టున వేలాడదీయండి. ఒక పగలూ రాత్రీ గంటగంటకూ అంకెలు రాసి గ్రాఫు గీయండి. ఏ ఇల్లు పగలు చల్లగా ఉంది? ఏ ఇల్లు రాత్రి త్వరగా చల్లారింది?

3. మీ ఊళ్ళో పాత లోగిలి ఇంకా ఉంటే ఆ ఇంటివారిని అడిగి టేపుతో కొలవండి. గోడ మందం, చూరు ఎంత ముందుకొచ్చిందీ, అరుగు ఎత్తు, గదుల వరుస, గాలి వచ్చే దిక్కు, ఇవన్నీ రాసి పటం గీయండి. ఆ ఇంట్లోని పెద్దవారిని, గాదె ఎక్కడుండేదో, వాము ఎటువైపు వేసేవారో అడగండి.

మూడో పని మాత్రం త్వరగా చేయండి. మొదటి రెండింటికీ ఎప్పుడైనా వీలుంటుంది. చూరు చిరిగిన మట్టిగోడ మీ వేసవి సెలవుల దాకా ఆగకపోవచ్చు!